మంత్రగత్తె వాంగ్మూలం: ఊరు చెప్పింది, లేఖరి రాసింది

15వ శతాబ్ది మధ్యభాగం నుంచి 18వ శతాబ్ది చివరి వరకు ఐరోపా ఖండంలో మంత్రప్రయోగం చేశారన్న ఆరోపణపై న్యాయస్థానాల తీర్పు ప్రకారం ప్రాణాలు కోల్పోయినవారు 40,000 నుంచి 50,000 మంది వరకు ఉంటారని నేటి చరిత్రకారుల అంచనా. వారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది స్త్రీలు. ఒకప్పుడు ప్రచారంలో ఉన్న లక్షల సంఖ్యలు ప్రాచీన పత్రాల పరిశీలనకు నిలవలేదు. సంఖ్య తగ్గినంత మాత్రాన విషయ గాంభీర్యం తగ్గదు. చనిపోయినవారిలో అత్యధికులు రాజద్రోహులు కారు, మతాధిపతులతో వాదానికి దిగిన పండితులూ కారు. పొరుగింటికి వెళ్ళి పాలో వెన్నో అడిగిన వృద్ధలు, పిల్లల జబ్బులకు మందు చెప్పిన పేదరాళ్ళు, భర్త పోయిన ఒంటరి స్త్రీలు వారిలో ఎక్కువ. వారిపై ఫిర్యాదు చేసినవారు కూడా ఆ ఊరివారే.

ఊరివారు తమ ఊరి మనిషినే ఉరికంబం దాకా ఎందుకు నడిపించారు? అర్ధశతాబ్దికి పైగా వెలువడుతున్న చరిత్ర రచనలన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి. అయితే ఈ రచనలను వరుసగా చదివే పాఠకునికి, అందులోనూ పరిపాలనతో పరిచయం ఉన్న పాఠకునికి, మరో ప్రశ్న తోచక మానదు. ఆ ఊరి మాట నేటివారికి ఎవరి చేతి మీదుగా చేరింది? ఈ రెండో ప్రశ్నను పక్కన పెట్టి మొదటి ప్రశ్నకు చెప్పిన సమాధానాలు ఎంత ప్రతిభావంతమైనవైనా సగం చరిత్రనే చెబుతాయి.

గ్రామం వైపు మళ్ళిన దృష్టి

1970కి ముందు వెలువడిన రచనల్లో అధికభాగం ఈ విచారణలను మతోన్మాదానికీ అజ్ఞానానికీ నిదర్శనాలుగా భావించి తీర్పు చెప్పి ఊరుకున్నాయి. 1970లో ఆలన్ మాక్‌ఫార్లేన్ ట్యూడర్, స్టువర్ట్ రాజుల కాలపు ఇంగ్లండులో మంత్రప్రయోగంపై ప్రచురించిన గ్రంథం, 1971లో కీత్ థామస్ ప్రచురించిన 'రిలిజియన్ అండ్ ది డిక్లైన్ ఆఫ్ మ్యాజిక్' ఈ ధోరణిని మార్చాయి. మధ్య ఆఫ్రికాలోని అజాండే ప్రజలపై ఎవాన్స్-ప్రిచర్డ్ 1937లో వెలువరించిన మానవశాస్త్ర గ్రంథం వీరిద్దరికీ మార్గదర్శకమైంది. మంత్రప్రయోగంపై విశ్వాసాన్ని పిచ్చితనంగా కొట్టివేయక, ఆపదకు కారణం వెతుక్కునే ఒక సామాజిక పద్ధతిగా చూడాలన్నది దాని సారాంశం.

మాక్‌ఫార్లేన్ ఎసెక్స్ కౌంటీని ఎంచుకున్నాడు. 1560 నుంచి 1680 వరకు అక్కడి అసైజు న్యాయస్థానాల ముందుకు, అంటే రాజధాని నుంచి పర్యటనకు వచ్చే న్యాయమూర్తుల ముందుకు, మంత్రప్రయోగ నేరంపై వచ్చిన నిందితులు 291 మంది. వారిలో పురుషులు 23 మంది మాత్రమే. ఇంతటితో ఆగక ఆయన హాట్‌ఫీల్డ్ పెవరెల్, బోరెమ్, లిటిల్ బాడో అనే మూడు గ్రామాల రికార్డులను కూలంకషంగా పరిశీలించి, ఎవరు ఎవరికి పొరుగువారో, ఎవరి స్థితి ఏమిటో తేల్చడానికి ప్రయత్నించాడు. ఆయన, థామస్ కలిసి ప్రతిపాదించిన సూత్రం ప్రసిద్ధమైంది. పేదరాలు పొరుగింటికి వెళ్ళి ఏదో అడుగుతుంది. ఇంటివారు లేదంటారు. ఆమె గొణుక్కుంటూ వెళ్ళిపోతుంది. కొద్ది రోజుల్లో ఆ ఇంట బిడ్డకు జబ్బు చేస్తుంది, లేదా ఆవు చస్తుంది. పెట్టవలసిన చోట పెట్టలేదన్న అపరాధభావం ఇంటివారి మనసులో ఉండనే ఉంది. ఆ భావమే తిరగబడి ఆమెపై నిందగా మారుతుంది. పాత చర్చి బోధించిన దానధర్మాల నీతి సడలి, పేదల పోషణ 1601 నాటి చట్టం ద్వారా పన్నులపై ఆధారపడుతున్న సంధికాలంలో ఈ ఘర్షణ తీవ్రమైందని వారి వాదన.

ఈ వాదనలోని గొప్పతనాన్ని తక్కువ చేయరాదు. నిందితురాలి ముఖం నుంచి ఫిర్యాదీ మనసు వైపు దృష్టి మళ్ళించడం సామాన్యమైన మార్పు కాదు. అయితే దీనికి రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, ఈ సూత్రం పూర్తిగా 20వ శతాబ్ది చరిత్రకారుల ఆవిష్కరణ కాదు. కెంట్ ప్రాంతపు భూస్వామి రెజినాల్డ్ స్కాట్ 1584లో 'ది డిస్కవరీ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్' అనే గ్రంథంలో దాదాపు ఇదే క్రమాన్ని వర్ణించాడు. ఆయన ఈ విచారణలను వ్యతిరేకించినవాడు. నిందలు ఎంత తేలికగా పుడతాయో చూపడానికి ఆయన అల్లిన చిత్రాన్ని గ్రామ జీవితానికి తటస్థ సాక్ష్యంగా స్వీకరించడంలో జాగ్రత్త అవసరం. రెండోది, మాక్‌ఫార్లేన్ స్వయంగా ఈ వివరణలోని ముఖ్యభాగం నుంచి తప్పుకున్నాడు. ఇంగ్లండు గ్రామాల్లో వ్యక్తివాదం 16వ శతాబ్దిలో కొత్తగా పుట్టినది కాదనీ, అంతకు ఎంతో ముందునుంచే ఉందనీ 1978లో వాదించిన తర్వాత, సమష్టి గ్రామం వ్యక్తివాదం వైపు మారుతున్న వేళ పుట్టిన ఘర్షణ అనే పునాది ఆయనకే మిగలలేదు.

సెయింట్ ఓసిత్ గ్రామం, 1582

సూత్రానికీ పత్రానికీ మధ్య దూరం ఎంతో తెలుసుకోవడానికి ఎసెక్స్‌లోనే జరిగిన ఒక విచారణ చాలు. 1582 తొలి నెలల్లో సెయింట్ ఓసిత్ గ్రామంలో గ్రేస్ థర్లో అనే స్త్రీ, ఉర్సులా కెంప్ అనే పొరుగు స్త్రీపై ఫిర్యాదు చేసింది. వారిద్దరి మధ్య సంబంధం ఎంతో కాలం నుంచి ఉన్నది. గ్రేస్ కొడుకు జబ్బుపడినప్పుడు ఉర్సులా వచ్చి వైద్యం చేసింది, పిల్లవాడు కోలుకున్నాడు. తర్వాత గ్రేస్‌కు ఆడపిల్ల పుట్టినప్పుడు ఆ బిడ్డను సాకే పనిని ఉర్సులాకు అప్పగించలేదు. ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. కొంతకాలానికి ఆ పసిబిడ్డ ఉయ్యాల తొట్టి నుంచి పడి మెడ విరిగి మరణించింది. ఆ తర్వాత గ్రేస్‌కు కాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. పన్నెండు పెన్నీలు ఇస్తే నయం చేస్తానని ఉర్సులా ఒప్పుకుంది. నొప్పి తగ్గింది. డబ్బు అడగడానికి వస్తే గ్రేస్ తన దగ్గర లేదన్నది. బదులుగా జున్ను ముక్క అడిగితే అదీ లేదన్నది. మళ్ళీ నొప్పి తిరగబెట్టింది.

ఈ కథలో నిరాకరణ ఉన్నది గాని, నిరాకరించబడినది భిక్ష కాదు, చేసిన పనికి కూలి. గ్రేస్ కూడా పేదరాలే. సంపన్నుని అపరాధభావం అనే సూత్రం ఇక్కడ అతకదు. నయం చేయగలిగిన చెయ్యి చెరుపు కూడా చేయగలదన్న భయమే ఇక్కడ అసలు విషయం. ఊరికి ఆమె అవసరం ఉన్నంత కాలం ఆ భయం అణగి ఉన్నది.

ఆ భయాన్ని నేరంగా మార్చినవాడు స్థానిక న్యాయాధికారి బ్రయన్ డార్సీ. ఉర్సులా మొదట మంత్రప్రయోగ ఆరోపణను ఒప్పుకోలేదు. నిజం చెప్పినవారికి దయ చూపుతానని డార్సీ మాట ఇచ్చాడు. ఆమె మోకాళ్ళపై పడి ఏడుస్తూ నాలుగు సేవక భూతాలు తనకు ఉన్నాయని అంగీకరించింది. వాటి పేర్లు, రంగులు, అవి ఏ రూపాల్లో ఉంటాయో ఆమె ఎనిమిదేళ్ళ కొడుకు చేత కూడా చెప్పించి రాయించారు. ఆమె నోటి నుంచి ఇతర స్త్రీల పేర్లు వచ్చాయి, వారి నోటి నుంచి మరికొందరివి. అసైజు విచారణ అనంతరం ఉర్సులా కెంప్, ఎలిజబెత్ బెనెట్ ఉరితీయబడ్డారు. డార్సీ ఇచ్చిన మాటకు ఏ విలువా లేకపోయింది. ఇతర నిందితుల్లో పలువురు మరణం నుంచి తప్పించుకున్నారు.

ఈ వివరాలన్నీ అదే సంవత్సరం లండన్‌లో అచ్చయిన ఒక చిన్న పుస్తకం ద్వారా లభిస్తున్నాయి. దాని కూర్పులో డార్సీ హస్తం ఉన్నదని పరిశోధకుల అభిప్రాయం. అంటే నిందితురాలి మాటను విన్నవాడు, రాయించినవాడు, ప్రచారంలోకి తెచ్చినవాడు ఒక్కడే. ఇటువంటి కరపత్రాలను పరిశీలించి మారియన్ గిబ్సన్ 1999లో వెలువరించిన 'రీడింగ్ విచ్‌క్రాఫ్ట్' ఒక ముఖ్యమైన విషయాన్ని ఎత్తిచూపింది. నిందితుల వాంగ్మూలాలుగా కనిపించేవి నిజానికి ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు. ప్రశ్నలు రాతలో లేవు. ప్రశ్న మాయమైన చోట జవాబు ఆత్మకథలా కనిపిస్తుంది. ఏ కార్యాలయంలోనైనా వాంగ్మూలం నమోదు చేసిన అనుభవం ఉన్నవారికి ఈ మాటలోని సత్యం తేలికగానే బోధపడుతుంది.

ప్రశ్నించేవాని భాష

ఇంగ్లండులో మాయమైన ప్రశ్నలు ఇటలీ ఈశాన్య ప్రాంతమైన ఫ్రియులిలో భద్రంగా మిగిలాయి. అక్కడి మతవిచారణ న్యాయస్థానపు లేఖరులు ప్రశ్నను, జవాబును, కొన్ని సందర్భాల్లో నిందితుని మౌనాన్ని కూడా రాసిపెట్టారు. ఆ పత్రాల ఆధారంగా కార్లో గింజ్‌బుర్గ్ 1966లో రచించిన 'ఇ బెనందాంతి' ఈ రంగంలో అత్యుత్తమ గ్రంథాల్లో ఒకటి. బెనందాంతి అనేవారు తలపై పొరతో పుట్టిన రైతులు. సంవత్సరంలో నియమిత ఉపవాస దినాల రాత్రుల్లో తమ ఆత్మలు శరీరం విడిచి వెళ్ళి, సోపు కాడలు పట్టుకుని, జొన్న కాడలు పట్టిన మంత్రగాళ్ళతో పోరాడతాయని వారు 1575లో మొదలైన విచారణల్లో చెప్పారు. తాము గెలిస్తే పంట పండుతుందనీ, ఓడితే కరువు వస్తుందనీ వారి నమ్మకం.

విచారణాధికారుల ప్రశ్నావళిలో దీనికి చోటు లేదు. వారికి తెలిసినవి రెండే: దేవుని పక్షం, సైతాను పక్షం. తాము ఊరి పంటను కాపాడేవారమని చెప్పిన ఈ రైతులు, పదేపదే అడిగిన ఒకే రకం ప్రశ్నల కింద, దశాబ్దాలు గడిచేకొద్దీ సైతాను సభలకు వెళ్ళే మంత్రగాళ్ళమని ఒప్పుకోసాగారు. 17వ శతాబ్ది మధ్యకాలానికి ఈ మార్పు దాదాపు పూర్తయింది. మార్చడానికి అక్కడ చిత్రహింస ప్రధాన సాధనం కాలేదు. ప్రశ్న చాలింది. గింజ్‌బుర్గ్ కృషిలోని విశిష్టత ఏమంటే, ఆయన ప్రశ్నకూ జవాబుకూ పొసగని చోట్లను వెతికి, అధికారికి అర్థం కాని మాటల్లోనే ఊరి సొంత గొంతును గుర్తించాడు. ఎసెక్స్ చరిత్రకారులు గ్రామాన్ని నేరుగా చూస్తున్నామని భావించిన చోట ఆయన కిటికీ అద్దాన్ని కూడా పరీక్షించాడు.

ఒకే తగవు, వేర్వేరు అంతాలు

పత్రమే నేరాన్ని నిర్మించిందంటే ఊరి తగవుకు ప్రాముఖ్యం లేదని అర్థం కాదు. పొరుగువారి మధ్య అసూయ, అనుమానం, కలహం ఖండమంతటా ఉన్నాయి. మరణాలు మాత్రం ఒకేలా లేవు. ఈ తేడాకు కారణం వెతికితే విచారణ పద్ధతి దగ్గరకు రాక తప్పదు.

స్పెయిన్‌లో 1610 నవంబరులో లోగ్రోన్యో పట్టణంలో మతవిచారణ న్యాయస్థానం ఆరుగురిని సజీవదహనం చేయించింది. అప్పటికే మరణించిన ఐదుగురి ప్రతిమలను దహనం చేసింది. తీర్పు ఇచ్చిన అధికారుల్లో అలోన్సో దె సలసార్ ఫ్రియాస్ ఒకడు. 1611లో ఆయన నవార్ పర్వత గ్రామాల్లో నెలల తరబడి పర్యటించి, తమంతట తాము నేరం ఒప్పుకోవడానికి వచ్చిన 1,802 మంది వాంగ్మూలాలను తీసుకున్నాడు. వారిలో 1,384 మంది పిల్లలు. ఆయన అక్కడితో ఆగలేదు. ఒకే సభకు వెళ్ళామన్నవారిని విడివిడిగా తీసుకువెళ్ళి స్థలం చూపమన్నాడు, వారి మాటలు కలవలేదు. మంత్రపు లేపనాలన్నవాటిని పరీక్షింపజేశాడు, వాటిలో ఏ శక్తీ కనిపించలేదు. మంత్రప్రయోగం జరిగిందనడానికి ఒక్క రుజువూ దొరకలేదనీ, ఈ విషయం గురించి చెప్పడం, రాయడం మొదలైన తర్వాతే ఇది వ్యాపించిందనీ ఆయన పై అధికారులకు నివేదించాడు. 1614లో మాడ్రిడ్‌లోని ఉన్నత మండలి ఆ నివేదిక ఆధారంగా కట్టుదిట్టమైన ఆదేశాలు జారీ చేసింది. కాని ఆ ఆదేశాలు లౌకిక న్యాయస్థానాలకు వర్తించవు. కాటలోనియాలో 1618 నుంచి 1622 వరకు స్థానిక న్యాయస్థానాలు పెద్ద సంఖ్యలో ఉరిశిక్షలు అమలు జరిపాయి. గుస్టావ్ హెనింగ్సెన్ 1980లో ప్రచురించిన సలసార్ చరిత్ర, మతవిచారణ న్యాయస్థానమంటే క్రౌర్యానికి మారుపేరనే సాధారణ భావనను ఈ ఒక్క విషయంలోనైనా సవరించక తప్పదని నిరూపించింది.

స్కాట్లండు అనుభవం దీనికి అద్దం పడుతుంది. అక్కడ 1563లో వచ్చిన చట్టం కింద 1736 వరకు 3,837 మంది నిందితులైనట్లు ఆధునిక పరిశోధన లెక్క తేల్చింది. క్రిస్టినా లార్నర్ 1981లో వెలువరించిన 'ఎనిమీస్ ఆఫ్ గాడ్' చూపినట్లు, ప్రీవీ కౌన్సిల్ నుంచి అనుమతి పత్రం పొంది స్థానిక భూస్వాములే విచారించిన కేసుల్లో మరణశిక్షలు చాలా ఎక్కువ. కేంద్ర న్యాయమూర్తుల ముందుకు వెళ్ళిన నిందితులకు బతికే అవకాశం ఎక్కువ. ఫ్రాన్సులో పారిస్ పార్లమాఁ అనే ఉన్నత న్యాయస్థానం తన పరిధిలోని మంత్రప్రయోగ తీర్పులన్నీ విధిగా పునర్విచారణకు రావాలని 1624లో నియమించి స్థానిక శిక్షలకు పగ్గం వేసింది. ఇంగ్లండులో అంతర్యుద్ధం వల్ల సాధారణ న్యాయయంత్రాంగం చెదిరిన 1645లో మాథ్యూ హాప్కిన్స్ అనే అనధికారి ఊరూరా తిరిగి, నిందితులను రాత్రుల తరబడి నిద్ర పోనీయకుండా చేసి నేరాంగీకారాలు రాబట్టాడు. తూర్పు కౌంటీల్లో రెండేళ్ళ లోపల సుమారు 100 మంది ఉరికంబమెక్కారు. ఊళ్ళు అవే, తగవులు అవే. పైనుంచి పరీక్షించే కన్ను మూతపడింది.

దీనిపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. క్రైస్తవ రాజ్య నిర్మాణంలో భాగంగా ప్రభుత్వమే ఈ వేటను ప్రోత్సహించిందని లార్నర్ ప్రధాన వాదన. బలమైన కేంద్ర ప్రభుత్వం ఉన్న చోట వేట అదుపులో ఉన్నదని బ్రయన్ లెవాక్ వాదించాడు. ఈ రెండింటినీ పరస్పర విరుద్ధాలుగా భావించనవసరం లేదు. నేరాన్ని శాసనంలో రాసినది రాజ్యమే, రుజువు అడిగి దాన్ని నీరుగార్చినదీ రాజ్యమే. స్థానిక అధికారి చేతికి చట్టం ఇచ్చి, అతని రాతను తిరిగి చూసేవారు లేని చోట చావులు పెరిగాయి.

ఊరు నిర్దోషి కాదు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి గ్రామాన్ని అమాయకంగా చిత్రించడం మరో పొరపాటు అవుతుంది. రాబిన్ బ్రిగ్స్ 1996లో ప్రచురించిన 'విచెస్ అండ్ నెయిబర్స్' లోరేన్ ప్రాంతపు పత్రాల ఆధారంగా ఒక విలువైన సంగతిని వెల్లడించింది. ఒక స్త్రీపై అనుమానం పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు గూడుకట్టుకుని ఉండేది. ఆ మధ్యకాలమంతా ఊరు ఆమెతో కలిసే బతికింది, పోట్లాడింది, రాజీపడింది, మందు అడిగింది. సాక్షుల్లో స్త్రీలూ ఎందరో ఉన్నారు. పసిబిడ్డలు, పాడి, వంటిల్లు వారి చేతిలో ఉన్నందున ఆ చోట్ల సంభవించిన ఆపదలకు జవాబు చెప్పవలసిన బరువు కూడా వారిపైనే పడింది. నిందితుల్లో స్త్రీలు ఎందుకు అంతమంది అన్న ప్రశ్నను థామస్, మాక్‌ఫార్లేన్ దాదాపు దాటవేశారు. దానిని చర్చకు మధ్యకు తెచ్చిన ఘనత లార్నర్‌దీ, ఆమె తర్వాతి రచయిత్రులదీ.

న్యాయస్థానం తలుపు మూసినంత మాత్రాన ఊరి భయం అంతరించలేదు. బ్రిటిష్ పార్లమెంటు 1736లో పాత చట్టాలను రద్దు చేసింది. 1751లో హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ట్రింగ్ వద్ద ఒక గుంపు రూత్ ఆస్బోర్న్ అనే వృద్ధురాలిని మంత్రగత్తె అంటూ నీటిలోకి ఈడ్చి ప్రాణం తీసింది. ముందు నిలిచిన థామస్ కోలీని అదే సంవత్సరం హత్యానేరంపై ఉరితీశారు. నూరేళ్ళ కిందట రూత్‌ను విచారించి ఉండగల రాజ్యం ఇప్పుడు ఆమె పక్షాన నిలిచింది. ఊరు మాత్రం కోలీని చూసి జాలిపడింది. చట్టం మారడానికి ఒక శాసనం చాలింది. మనసు మారడానికి తరాలు పట్టింది.

మన పాఠకునికి

ఈ చరిత్రను భారతదేశానికి యథాతథంగా అన్వయించడం సరికాదు. ఇక్కడి ఆధునిక రాజ్యం మంత్రగత్తెను విచారించి శిక్షించలేదు. ఆమెను హింసించినవారిని శిక్షించడానికే చట్టాలు చేసింది. బీహారు 1999లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, రాజస్థాన్ 2015లో ఈ ఉద్దేశంతో ప్రత్యేక శాసనాలు చేశాయి. తెలుగు ప్రాంతాల్లో బాణామతి, చేతబడి, చిల్లంగి అనే పేర్లతో జరిగిన దాడులు, మంత్రం పలకకుండా పళ్ళు ఊడగొట్టిన ఘటనలు తెలియనివి కావు. ఇక్కడ పరిస్థితి ట్రింగ్‌కు దగ్గర, సెయింట్ ఓసిత్‌కు దూరం.

అయినా ఒక పోలిక నిలుస్తుంది. దేవ్ నాథన్, గోవింద్ కేల్కర్ జార్ఖండ్ ఆదివాసీ గ్రామాలపై 1991లో ప్రచురించిన అధ్యయనం, డాకిని అన్న నింద వెనుక వితంతువుకు భూమిపై గల జీవితకాలపు హక్కు ఎలా దాగి ఉంటుందో వివరించింది. అటువంటి ఘటన నమోదైనప్పుడు కారణం అనే గడిలో మూఢనమ్మకం అని రాసి ముగిస్తే, భూమి, వారసత్వం, వైద్యం అందకపోవడం, పాత కక్ష అన్నీ ఆ ఒక్క మాట వెనుక మరుగునపడతాయి. డార్సీ అన్నిటికీ భూతమనే జవాబు రాయించాడు. విద్యావంతుడైన అధికారి అన్నిటికీ అజ్ఞానమనే జవాబు రాస్తాడు. రెండు చోట్లా ఊరి కథ వినబడకుండానే కాగితం పూర్తవుతుంది.

సలసార్ తన కాలపు విశ్వాసాలకు అతీతుడేమీ కాదు. సైతాను ఉన్నాడని ఆయన కూడా నమ్మాడు. తాను భాగస్వామి అయిన తీర్పును తిరిగి పరీక్షించడం, ఒక్కొక్క మాటకూ రుజువు అడగడం, వినడానికి గుర్రమెక్కి గ్రామాలకు వెళ్ళడం, ఈ మూడే ఆయన చేసిన పనులు. వాటి ఫలితంగా వందలాది మంది, అందులోనూ పిల్లలు, బతికి బయటపడ్డారు. ఈ విషయంపై వెలువడిన గ్రంథాల్లో సిద్ధాంతాలు ఎన్నో వచ్చాయి, వాడిపోయాయి. ఆ నివేదిక మాత్రం నాలుగు శతాబ్దాల తర్వాత కూడా పరిపాలకుడు చదవదగిన పత్రంగా నిలిచి ఉన్నది.